తరగతిలో బాబాయి, బల్ల మీద మోటారు

ప్రశ్న: నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఐదేళ్ళు రైస్‌మిల్లులో మెయింటెనెన్స్ చూసుకుని, ఈమధ్యే ఒక శిక్షణ కేంద్రంలో ట్రైనర్‌గా చేరాను. రోజూ సాయంత్రం 6 నుంచి 9 దాకా తరగతి. ఇంటి వైరింగు, మోటారు రివైండింగు కలిపి 3 నెలల కోర్సు. బ్యాచిలో 22 మంది. 19 ఏళ్ళ కుర్రాడి నుంచి 52 ఏళ్ళ పెద్దాయన దాకా ఉన్నారు. ఎక్కువమంది పగలంతా రొయ్యల గుంటల కాడో నిమ్మతోటల్లోనో పనిచేసి వచ్చేవాళ్ళు. ఇద్దరు ఆడవాళ్ళు. నేను పుస్తకం ప్రకారం ఓమ్ సూత్రంతో మొదలుపెట్టాను. రెండో వారానికి ఆరుగురు మానేశారు. ఆ పెద్దాయన ఇరవై ఏళ్ళుగా ఏరేటర్ (రొయ్యల గుంట నీళ్ళలో గాలి కలిపే యంత్రం) మోటార్లు చుడుతున్నాడు. "ఇదంతా ఎందుకు సారూ, చెయ్యి పెడితే తెలిసిపోద్ది" అన్నాడు, అందరూ నవ్వారు. కాయిలు చుట్టడంలో నాకన్నా ఆయన చెయ్యే బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఎర్త్, అదే లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ, ఇవ్వడు. "గుంట కాడ ఎర్త్ ఏంది, అంతా నీళ్ళేగా" అంటాడు. పుస్తకం ఇస్తే పక్కన పెట్టేస్తాడు, చదువు రాదనుకుంటా. క్లాసులో కునుకు తీస్తాడు. ఆయన్ని పేరు పెట్టి పిలవాలో బాబాయ్ అనాలో కూడా తేలడం లేదు. పైగా మా నిర్వాహకులు కోర్సు చివర అందరికీ సర్టిఫికెట్ ఇచ్చేయమంటున్నారు. మానేసిన ఆరుగురికీ హాజరు వెయ్యమంటున్నారు. సంతకం మాత్రం నాది. నా పని పాఠం చెప్పడమా, వీళ్ళ బతుకులన్నీ చూడడమా? నా బాధ్యత ఎక్కడి దాకా?

సమాధానం:

తమ్ముడూ,

ముందు ఆ కునుకు సంగతి మాట్లాడుకుందాం. రొయ్యల గుంటలో పగలు నీళ్ళలోని నాచు ఎండకు ప్రాణవాయువు ఇస్తుంది. పొద్దుగూకాక ఆ నాచు కూడా రొయ్యలతో పాటు దాన్నే పీల్చుకుంటుంది. రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లారగట్లకు ప్రాణవాయువు అడుగంటుతుంది. ఏరేటర్ల అవసరం అప్పుడే ఎక్కువ. ఆ వేళప్పుడు ఒక మోటారు కాలిందంటే తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది, రైతు పెట్టుబడంతా నీళ్ళపాలు. మరి మోటార్లు చుట్టే మనిషికి ఫోను ఎప్పుడొస్తుంది? రాత్రి రెండింటికీ మూడింటికీ. ఆయన మీ బల్ల ముందు కూర్చునే సరికి లేచి పదహారు గంటలు అయి ఉంటుంది. అప్పుడు మీరు బోర్డు వైపు తిరిగి సూత్రం రాస్తున్నారు.

ఇది ఆయన్ని వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. పెద్దవాళ్ళకు పాఠం చెప్పేవాడు సిలబస్ తెరిచే ముందు ఎదుటివాడి రోజు ఎలా గడుస్తుందో తెలుసుకుని ఉండాలి. బడిపిల్లవాడికి చదువే పని. మీ దగ్గరికొచ్చేవాళ్ళకు చదువు రోజులో మూడో పనో నాలుగో పనో. మీరొక నోటుబుక్కు పెట్టండి. 22 మందికి 22 పేజీలు. ఏ పని చేస్తాడు, ఎన్నింటికి లేస్తాడు, ఏ నెలలో పని ముమ్మరం, ఎంత దూరం నుంచి వస్తాడు, ఏం నేర్చుకుందామని వచ్చాడు. ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు మీరు అనుకున్నట్టు ఉండదు. ఒకడికి సొంత దుకాణం కావాలి. ఒకడికి గల్ఫ్ వీసాకు కాగితం కావాలి. ఒకామెకు ఇంట్లో ఫ్యాన్ ఆగితే ఎవర్నీ బతిమాలుకోకుండా ఉంటే చాలు. అందరికీ ఒకే పాఠం ఒకే వరసలో పోసుకుంటూ పోతే ఆరుగురు మానేయడం వింత కాదు.

ఆ ఆరుగురి ఇళ్ళకు ఈ ఆదివారం వెళ్ళండి. "ఎందుకు రావడం లేదు" అని అడగొద్దు, సంజాయిషీ అడిగినట్టుంటుంది. "ఏ వేళైతే మీకు కుదురుద్ది" అని అడగండి. రొయ్య పట్టుబడి రోజుల్లో, నిమ్మకాయ కోతప్పుడు వాళ్ళు రాలేరు. అప్పుడు తప్పిన పాఠం మళ్ళీ చెప్పడానికి వారంలో ఒక సాయంత్రం ఖాళీగా ఉంచుకోండి. ఆరుగురిలో ముగ్గురు తిరిగొచ్చినా మంచిదే. రానివాళ్ళు ఎందుకు రాలేదో మీకు తెలిసి ఉండాలి.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన తెలివి కాదు. 1990ల మొదట్లో మన జిల్లాలో అక్షర దీపం అనే అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు నేనూ ఒక వాలంటీరుని. వీధి దీపం కింద, గుడి అరుగు మీద, రాత్రి అన్నాలయ్యాక తరగతులు. పలకలు పంచేవాళ్ళం, మార్కాపురం రాతి పలకలు. మొదటి నెల నేను అఆలు దిద్దించాను. పది మంది ఐదుగురయ్యారు. వాచకంలో సారా వల్ల కుదేలైన సంసారం గురించిన సీతమ్మ కథ చదివిన రాత్రి తరగతి మారిపోయింది. అక్షరాలు సరిగ్గా పలకలేని ఆడవాళ్ళు ఆ కథ గురించి అర్ధరాత్రి దాకా మాట్లాడారు. ఆ రోజుల్లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా అంతా, ఆ తర్వాత రాష్ట్రమంతా పాకింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు ఇంటింటికీ తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. చదువు చెప్పడానికి వెళ్ళిన మాలో ఎవరమూ సారా దుకాణాలు మూయిద్దామని బయల్దేరలేదు. పెద్దవాళ్ళు పాఠాన్ని తమ బతుకులోకి తీసుకుపోతారు, ఎక్కడికి తీసుకుపోతారో మన చేతిలో ఉండదు. కానీ అలా తీసుకుపోవడానికి అందులో వాళ్ళ బతుకు ముందే కొంత ఉండాలి. అది పెట్టడం మన పని.

బ్రెజిల్‌లో పావ్లో ఫ్రేరే అనే ఉపాధ్యాయుడు 1963లో అంజికోస్ అనే ఊళ్ళో ఇలాంటి పనే చేశాడు. సుమారు 300 మంది కూలీలకు 40 గంటల తరగతులతో చదవడం రాయడం నేర్పించాడు. వాళ్ళు రోజూ చేత్తో పట్టుకునే వస్తువుల పేర్లు, నోట్లో నానే మాటలే అక్కడ పాఠాలు. ఆయన పద్ధతిలో ఇటుకల పని చేసేవాడికి 'ఇటుక' అనే మాటతో అక్షరాలు మొదలవుతాయి. మీ బ్యాచికి ఆ ఇటుక ఏదో మీ బల్ల మీదే ఉంది.

ఇప్పుడు మిమ్మల్ని నవ్వులపాలు చేసిన ఆ మాట చూద్దాం. "చెయ్యి పెడితే తెలిసిపోద్ది." చాలావరకు నిజమే చెప్పాడాయన. ఇరవై ఏళ్ళ చెయ్యి బాడీ మీద పెడితే బేరింగు పోయిందో ఫేజు పోయిందో చెప్పేస్తుంది. మోటారు మూలుగు వింటే, కాలిన వార్నిష్ వాసన తగిలితే సగం రోగం తేలిపోతుంది. ఆ విద్య మీకు లేదు. ఆయన దగ్గర నేర్చుకోండి. అందరి ముందూ అడిగి నేర్చుకోండి. "బాబాయ్, ఈ శబ్దం ఏమంటోంది?" అని మీరడిగిన రోజున మీ గౌరవం ఒక్క పిసరు తగ్గదు. ఆయన తరగతిలో తన చోటు తను చూసుకుంటాడు. అప్పుడు ఆయనకు వినే చెవి వస్తుంది.

అయితే చేతికి తెలియనిది ఒకటుంది, దాన్ని చూపించడం మీ విద్య. పాత స్క్రాపు మోటారు ఒకటి బల్ల మీద పెట్టండి. ఆయన చేతనే కాయిలు చుట్టించండి. చెయ్యి పెట్టి చూడమనండి, బాగుందంటాడు. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) వైండింగుకీ బాడీకీ మధ్య రీడింగు తీయండి. ఆ అంకె అందరికీ వినిపించేలా ఆయన్నే చదవమనండి. ఇప్పుడు ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ వైండింగు మీద కాసేపు వేసి తీసేసి, మళ్ళీ మెగ్గర్ పెట్టండి. అంకె పడిపోతుంది. 1 మెగా ఓమ్ కన్నా కిందికి పోయిందంటే ఆ మోటారు నడపకూడదు. ఇప్పుడు మళ్ళీ చెయ్యి పెట్టి చూడమనండి. చేతికి రెండూ ఒకటే. మీరు ఇంకేమీ మాట్లాడక్కర్లేదు. మెగ్గర్ వత్తేటప్పుడు తీగలు ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి.

"అంతా నీళ్ళేగా" అన్న మాటకూ జవాబు అక్కడే ఉంది, ఓమ్ సూత్రం కూడా అక్కడే ఉంది. మీరు మొదటి రోజు బోర్డు మీద రాసింది ఆయనకు గాల్లో మాట. ఇప్పుడు ఇలా అడగండి. మోటారు బాడీకి కరెంటు లీకైంది. ఎర్త్ వైరు లేదు. బాడీ నుంచి కరెంటు గుంట నీళ్ళలోకి, మట్టిలోకి పోవాలి. ఆ దారిలో నిరోధం 10 ఓములు అనుకుందాం. వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపులు వస్తాయి, అదే ఓమ్ సూత్రం. 230ని 10తో భాగిస్తే 23 ఆంపులు. స్టార్టరు దగ్గర ఫ్యూజు 32 ఆంపులది. కాలుతుందా? కాలదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఆ చుట్టూ నీళ్ళలో కరెంటు పారుతూనే ఉంటుంది. ఫ్యూజు స్థానంలో మన పల్లెల్లో వేసే లావుపాటి రాగి తీగ ఉంటే ఇక చెప్పేదేముంది. ఇప్పుడు మేత చల్లడానికి కుర్రాడు గుంటలోకి దిగాడు. తడిసిన ఒంటికి నిరోధం సుమారు 1000 ఓములు లెక్కేస్తారు. బాడీ ముట్టుకుంటే 230ని 1000తో భాగించండి. 0.23 ఆంపు, అంటే 230 మిల్లీ ఆంపులు. మనిషిని కాపాడ్డానికి వాడే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు 30 మిల్లీ ఆంపులకే కరెంటు కట్ చేసేలా ఎందుకు చేశారో అప్పుడు వాళ్ళకే అర్థమవుతుంది. ఫ్యూజు వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడదు. ఈ ఒక్క సంగతి 22 మందిలో 22 మందికీ తలకెక్కకుండా మీ కోర్సు ముగియకూడదు. మిగతా సిలబస్‌లో సగం మిగిలిపోయినా నేను మిమ్మల్ని తప్పుపట్టను.

త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను ఎందుకు పొడుగ్గా ఉంటుందో అడిగి చూడండి. రోజూ చూసేదే, ఎవరూ ఆలోచించి ఉండరు. పెట్టేటప్పుడు ముందుగా తగలాలి, తీసేటప్పుడు ఆఖరున వదలాలి, అందుకు. ఇలాంటి చిన్న సంగతి దొరికినప్పుడు పెద్దవాళ్ళ ముఖాల్లో వచ్చే వెలుగు చూడటానికే నేను ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్నాను.

ఇక చదువు రాదన్న సంగతి. తొందరపడి తేల్చకండి. అక్షర దీపం రోజుల్లో నా తరగతిలో ఒకామె పలక చేతికిస్తే తల దించుకునేది, మళ్ళీ మళ్ళీ అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. మొద్దు అనుకున్నాను. ఒక రాత్రి పక్కింటి ముసలాయన కళ్ళజోడు ఆమె వేడుకగా పెట్టుకుంది. పలక మీద నేను రాసిన 'తల' అన్న మాట చదివేసింది. నెల రోజులుగా ఆమెకు అక్షరం ఆనలేదు. నేను గమనించలేదు. నలభై దాటితే వచ్చేది కాబట్టే దాన్ని చత్వారం అన్నారు మన పెద్దలు, చత్వారింశత్ అంటే నలభై. మీ పెద్దాయనకు 52. సన్నటి అచ్చు పుస్తకం పక్కన పెడుతున్నాడంటే చదువు రాక కావచ్చు, కళ్ళు ఆనక కావచ్చు. మోటారు నేమ్‌ప్లేటు ఇచ్చి, చెయ్యి బారెడు చాపి పట్టుకుంటున్నాడేమో చూడండి. అలా పట్టుకుంటే ప్రభుత్వాసుపత్రి కంటి డాక్టరు దగ్గరికి పంపండి. సన్నటి తీగ చుట్టేవాడికి కళ్ళజోడు ముందుగా కావాల్సిన పనిముట్టు.

ఒకవేళ నిజంగానే చదువు రాదనుకుందాం. 2011 జనాభా లెక్కల్లో మన జిల్లాలో ఏడేళ్ళు దాటినవాళ్ళలో అక్షరాస్యులు సుమారు 69 శాతం. అంటే పదిమందిలో ముగ్గురికి చదువు రాదు. మీ తరగతిలో ఆ ముగ్గురు ఉండి తీరతారు. వాళ్ళకు ఆ నేమ్‌ప్లేటే వాచకం. 415, 230, 50, 1440. ఈ అంకెలు ఆయనకు ఇప్పటికే తెలుసు. 1440 అంటే నాలుగు పోళ్ళ మోటారని, నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుందని చెప్పండి. 120ని కరెంటు ఫ్రీక్వెన్సీ 50తో గుణించి, పోళ్ళ సంఖ్య 4తో భాగిస్తే 1500 రావాలి కదా, 60 చుట్లు ఎక్కడ తగ్గాయి అని అడగండి. ఆ తగ్గుదలనే స్లిప్ అంటారు. బడి మెట్లెక్కని మనిషి స్లిప్ గురించి మాట్లాడతాడు, చూడండి. వోల్టు, ఎర్త్, ఫేజు, స్టార్టరు అని రోజుకు రెండు మాటలు పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న ఉల్లాస్ కార్యక్రమంలో 15 ఏళ్ళు దాటిన నిరక్షరాస్యులెవరైనా చేరొచ్చు. చదవడం, రాయడం, లెక్కలతో పాటు వృత్తి నైపుణ్యం కూడా ఆ కార్యక్రమంలో భాగమే. మీ మండలంలో ఆ వాలంటీర్లు ఎవరో కనుక్కుని మీ తరగతికి వారానికోసారి పిలవండి. అక్షరం నేర్పే భారమంతా మీ ఒక్కరి నెత్తిన వేసుకోవద్దు.

19 ఏళ్ళ కుర్రాణ్ణి ఆ పెద్దాయన పక్కన కూర్చోబెట్టండి. వీడు నేమ్‌ప్లేటు చదువుతాడు, చుట్లు లెక్కపెట్టి రాస్తాడు, ఆయన చెయ్యి చూపిస్తాడు. కానీ వీడి చేత ఆయనకు పరీక్షలు పెట్టించొద్దు. పెద్దవాళ్ళు చదువు దగ్గర సగం భయపడేది చిన్నవాళ్ళ ముందు చిన్నబోతామనే.

ఆడవాళ్ళిద్దరి గురించి మీరు ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మరుగుదొడ్డికి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, తొమ్మిదింటికి వాళ్ళు ఇంటికెలా పోతున్నారు, ఈ రెండూ ఈ వారమే కనుక్కోండి. పని దగ్గర వాళ్ళకు స్విచ్‌బోర్డులు తుడిచే పని, కాగితాలు కత్తిరించే పని తగిలించకుండా నిచ్చెన ఎక్కించండి, మెగ్గర్ చేతికివ్వండి.

పిలుపు సంగతి అడిగారు. మన వైపు వయసులో పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే గదిలో ఉన్న మిగతావాళ్ళకే ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. బాబాయ్ అనండి. హాజరు పిలిచేటప్పుడు పేరు చివర 'గారు' చేర్చండి, 19 ఏళ్ళవాడికి కూడా. అయితే వరస కలిపినందుకు తప్పు చూసీచూడనట్టు పోవద్దు. ఎర్త్ లేకుండా కనెక్షన్ ఇస్తే, "బాబాయ్, ఇది విప్పి మళ్ళీ చెయ్యాలి" అని అదే గొంతుతో చెప్పండి. నలుగురి ముందు వద్దు, పక్కకు పిలిచి చెప్పండి. చేసి చూపించేదాకా మాత్రం వదలొద్దు.

ఇప్పుడు సంతకం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నా జీవితంలో దీని బరువు నేను మోశాను కాబట్టి.

1990ల చివర్లో ఒక కేంద్రంలో వైరింగు తరగతి చెప్పేవాణ్ణి. మార్చి ఆఖరులోగా బ్యాచి ముగించాలని పైనుంచి ఒత్తిడి. ఒక కుర్రాడు చురుకైనవాడు, చేతిపని చక్కటిది. వాడి చేత ఎర్త్ పరీక్ష ఒక్కటే చేయించలేదు. ఆ రోజు జ్వరమొచ్చి రాలేదు వాడు. మళ్ళీ పిలిపించే తీరిక లేక, చేసినట్టు రాసి సంతకం పెట్టాను. తర్వాత రెండేళ్ళకు వాడు వైరింగు చేసిన ఇంట్లో ఆ ఇల్లాలు తడి చేత్తో గ్రైండర్ పట్టుకుని షాక్ తగిలి పడిపోయింది. ప్రాణం దక్కింది. కుడి చేతి రెండు వేళ్ళు కాలి వంకరపోయాయి. వాడు సైకిలు మీద నా దగ్గరికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఎర్త్ చూసుకోలేదు సార్" అన్నాడు. మీరు నేర్పలేదు అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఆ తర్వాత నా దగ్గర చదివినవాళ్ళెవరూ ఎర్త్ పరీక్ష చెయ్యకుండా బయటికి పోలేదు. కానీ ఆ ఇల్లాలి వేళ్ళు నేను సరిచెయ్యలేను.

అందుకని చెబుతున్నాను. మీ తరగతిలో 22 మంది ఉన్నారని మీరనుకుంటున్నారు. వాళ్ళు వైరింగు చెయ్యబోయే ఇళ్ళలో పడుకునే పిల్లలు, వాళ్ళు చుట్టిన మోటారు పక్కన నీళ్ళలో దిగే కూలీలు, వాళ్ళు కూడా మీ రిజిస్టరులో ఉన్నారు, పేర్లు మాత్రం లేవు. మీ సంతకం చూసే ఆ మనుషులు తలుపు తీస్తారు. నేర్చుకునేవాడి మీద జాలి పడి ఇచ్చే సర్టిఫికెట్ ఆ మనుషులకు చేసే అన్యాయం.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు 2 ఏళ్ళు. మీ కోర్సు వారానికి ఆరు రోజులు, రోజుకు 3 గంటల చొప్పున 13 వారాలు నడిచినా 234 గంటలు. ఆ తేడా దాచకండి. సర్టిఫికెట్ వెనకవైపు ఆ మనిషి మీ కళ్ళ ముందు సొంత చేత్తో చేసిన పనులు రాయండి. మూడు గదుల ఇంటి వైరింగు, ఎర్త్ నిరోధం కొలత, 1 హెచ్‌పీ మోటారు రివైండింగు, మెగ్గర్ రీడింగు, తేదీలతో సహా. చెయ్యనిది రాయొద్దు. కోర్సు సర్టిఫికెట్ వేరు, ప్రభుత్వం ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ వేరు అని మొదటి వారంలోనే అందరికీ చెప్పేయండి. ఈ కాగితం పట్టుకుని కరెంటు స్తంభం ఎక్కబోయేవాణ్ణి ఆపాల్సింది మీరే. పెద్దాయన లాంటివాళ్ళ పాత అనుభవాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి కేంద్రం నైపుణ్య పథకాల్లో ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. ఆయనకు మీ మూడు నెలల కాగితం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. దాని గురించి అడిగి పెట్టండి.

హాజరు మాటకు వస్తే, వెయ్యకండి. రాని మనిషికి వచ్చినట్టు రాస్తే, రేపు ఎవరైనా లెక్క అడిగినప్పుడు నిర్వాహకులు రిజిస్టరు చూపిస్తారు, రిజిస్టరులో ఉండేది మీ చేతిరాత. కాదని మొహం మీద అనేముందు ఒక దారి చూపించండి. ఆరుగురి ఇళ్ళకు వెళ్ళి వచ్చాక, ఎవరెవరు ఎప్పటి నుంచి తిరిగి రాగలరో, మిగిలిపోయిన గంటలు ఏ సాయంత్రాలు పూర్తిచేయొచ్చో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. చాలామంది నిర్వాహకులు దుర్మార్గులు కారు, గడువు తరుముతుంటే అడ్డదారి వెతుకుతారు. సరైన దారి ఎవరైనా చూపిస్తే ఊపిరి పీల్చుకునేవాళ్ళనూ చూశాను. అప్పటికీ వినకపోతే సంతకం పెట్టొద్దు. ఆ మాట చెప్పడం నాకు తేలికే, జీతం మీది, ఇల్లు మీది. తెలుసు. అందుకే ఇప్పటి నుంచే రైస్‌మిల్లు వాళ్ళతో మాట కలుపుకుని ఉండండి. చేతిలో ఇంకో దారి ఉన్నవాడి గొంతు వణకదు.

బతుకులన్నీ నేనే చూడాలా అన్నారు. చూడక్కర్లేదు, చూడలేరు కూడా. అప్పు ఇప్పించడం మీ పని కాదు, కానీ ఎక్కడ అడగాలో తప్పు చెప్పకుండా ఉండటం మీ పని. దుకాణం పెట్టుకునేవాడికి ముద్ర పథకంలో శిశు కింద 50,000 దాకా అడగొచ్చని చెప్పండి. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మలో 18 చేతివృత్తులున్నాయి, దర్జీ, వడ్రంగి, తాపీమేస్త్రి అందులో ఉన్నారు, ఎలక్ట్రీషియన్ లేడు. ఆ సంగతి తెలియక మీవాళ్ళు ఆఫీసుల చుట్టూ పదిసార్లు తిరిగి కూలీ పోగొట్టుకోకుండా మీరు ఆపగలరు. కోర్సు అయ్యాక ఆరు నెలల పాటు నెలకొక ఆదివారం వాళ్ళు చేసిన పనులు చూసిరండి. అంతకు మించి మోయొద్దు. ఒకడి తాగుడు, ఇంకొకడి ఇంటి గొడవ వినండి, వినడమూ సాయమే, కానీ తీర్చేస్తానని మాటివ్వకండి.

మీకూ చదువు కావాలి. డిప్లొమా మోటారు గురించి నేర్పింది, మనిషికి నేర్పడం గురించి నేర్పలేదు. శిక్షకుల కోసమే ఏడాది కోర్సు ఒకటుంది, క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ. హైదరాబాదు విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలో అది చెబుతారు. ఏడాది పాటు ఇల్లు వదిలి పోవడం మీకు కష్టమే. అయినా ఈ పనిలోనే ఉండదలిస్తే రెండు మూడేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు పూర్తిచేయండి.

రేపటికి మాత్రం ఇది చేయండి. బోర్డు తుడిచేసి ఖాళీగా ఉంచండి. స్క్రాపు మోటారు, మెగ్గర్, ఒక డబ్బాలో గుంట నీళ్ళు బల్ల మీద పెట్టండి. నీళ్ళు తెచ్చే పని ఆ పెద్దాయనకే ముందుగా ఫోను చేసి చెప్పండి. ఎందుకని అడిగితే, "మీరన్నారు కదా బాబాయ్, అంతా నీళ్ళేనని, కొలిచి చూద్దాం" అనండి.